వఱదనాటి వార్త: తెగని వార్తామార్గముల నేర్పఱచుకొను విధము

గోదావరి గట్టున సేద్యము చేయు రైతునకు వఱదకాలమున అన్నిటికంటె ముందు కావలసినది వార్త. నీరు వచ్చుచున్నదని రెండు జాములు ముందుగా తెలిసినచో పశువులను మిట్టకు తోలుకొనవచ్చును. ఏటియొడ్డున నున్న మోటారు నూడదీసి బండి కెక్కింపవచ్చును. విత్తనపు బస్తాలను అటుకపైకి చేర్పవచ్చును. తెలియనిచో ఆ మూడును పోవును. కావున వార్త వచ్చు దారిని చెడకుండ కాచుకొనుటయు, చెడినపుడు తడవు లేక బాగుచేసికొనుటయు పంటకాలువను కాపాడుకొనుటవంటి పనియే. కాలువపని యొక్కరి వలన కానట్లే యిదియు నొక్కరి వలన కాదు. పదిమంది కూడి చేసికొనవలసినది. అందుచేత సహకారసంఘ సభ్యులగు రైతుసోదరు లీ విషయమును శ్రద్ధతో చదివి, తమ గ్రామసభలో చర్చింపవలయునని కోరుచున్నాము.

1. మన ప్రాంతపు స్థితి

భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులకు వచ్చినపుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవ హెచ్చరికయు, 53 అడుగులకు మూడవ హెచ్చరికయు నిత్తురు. మూడవ హెచ్చరికతో నది యాగునని తలపరాదు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులవఱకు వచ్చెను. 1990లో 70 అడుగులు దాటెను. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటెను. అనగా 1986లో మూడవ హెచ్చరిక తరువాతను 22 అడుగులకు మించి, 2022లో 18 అడుగులకు మించి నీరు పెరిగినదన్నమాట.

ఇంత నీరు చెప్పకుండ వచ్చునది కాదు. ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును. దానికి దిగువను ఇంద్రావతి కలియును. పేరూరు, ఏటూరునాగారము, దుమ్ముగూడెము మొదలగు చోట్ల నీటిమట్టమును కొలుచుచు, దానినిబట్టి దిగువకు ఎప్పు డెంత నీరు చేరునో కట్టుదురు. కేంద్ర జలసంఘమువారు ఈ యంచనాలను ప్రకటించుచుందురు. కాబట్టి నది సంగతి తెలియనిది కాదు. తెలిసిన సంగతి భద్రాచలమునుండి మన గూడెముదాక, మన పాకదాక, మన చెవిదాక వచ్చుటయందే చిక్కు కలదు.

ఈ చిక్కునకు మన భూమి స్వభావమే కొంత కారణము. ఒక ప్రక్క నది, ఒక ప్రక్క అడవి, నడుమ వాగులు. చర్ల, దుమ్ముగూడెము, భద్రాచలము ఎడమగట్టున నున్నవి. మణుగూరు, అశ్వాపురము, బూర్గంపాడు కుడిగట్టున నున్నవి. భద్రాచలమువద్ద 1965లో ప్రారంభింపబడిన వంతెన ఈ రెండు గట్టులను కలిపెను. కాని 2022 జూలై వఱదలో ఆ వంతెనమీద రాకపోకలను ఆపవలసివచ్చెను. దిగువను కూనవరమువద్ద శబరి కలియును. గోదావరి నిండుగా నున్నపుడు శబరినీరు వెనుకకు తన్ని చింతూరు వైపునకు ప్రాకి దారులను ముంచును.

రాజ్యపు హద్దులును ఇచ్చట నిలుకడగా నుండలేదు. ఒకప్పుడు కుడిగట్టు నైజాము రాజ్యములోను, భద్రాచలము తాలూకా మదరాసు రాజధానిలోని తూర్పుగోదావరి జిల్లాలోను ఉండెను. 1956లో రెండు గట్టులును ఆంధ్రప్రదేశములో చేరెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2014లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచెను. నీటికి హద్దు లేదు. కచేరీ కాగితమునకు కలదు. ఎగువ రాష్ట్రపు వార్త దిగువ రాష్ట్రపు గ్రామమునకు చేరుటకు అధికారుల దారి యొక్కటే చాలదు. గట్టున నున్న గ్రామములు తమలో తాము కూడ దారి కట్టుకొనవలయును.

2. వార్త యేల తెగును?

దారి బాగుచేయబూనువాడు అది యెచ్చట తెగునో ముందుగా నెఱుగవలయును. మన ప్రాంతమున సాధారణముగా నైదు విధములుగా తెగును.

మొదటిది, విద్యుచ్ఛక్తి పోవుట. సెల్‌ఫోను గోపురము బ్యాటరీమీద కొన్ని గంటలు నడచును. తరువాత డీజిలు కావలయును. వాగు పొంగినపుడు డీజిలు బండి రాదు. రెండవది, గోపురమును పట్టణముతో కలుపు తీగ తెగుట. గోపురము నిలిచియే యుండును, ఫోనులో గుర్తును కనబడును. కాని మాట పోదు. మూడవది, రద్దీ. ఆపద వచ్చిన గడియలోనే అందఱును మాటలాడబూనుదురు. దారి బాగుగానే యున్నను ఇఱుకై మూసికొనును. నాలుగవది, మనుష్యుడు లేకపోవుట. వార్త నందుకొనవలసినవాడు పొలమునకో సంతకో పోయియుండును. ఐదవది, మాట తెలియకపోవుట. అడవిలోని కోయగూడెమునకు తెలుగు వ్రాతలో వచ్చిన సందేశము వచ్చియు రానట్టిదే.

ఇది పల్లెలకు మాత్రమే వచ్చు కష్టము కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్‌ తుపాను కొట్టినపుడు విశాఖపట్టణమువంటి మహానగరమునందే ఫోనులు మూగవోయెను. గోపురములు, తీగలు, విద్యుత్తు, అన్నియు నొక్కమాఱే చెడెను. పెద్ద ఊరు గావున భయము లేదనుట యెంత పొరపాటో దీనివలన తెలియగలదు.

3. వరుస, చుక్క, వలయము

ఎనిమిది గ్రామములను వార్తతో కలుపవలెననుకొందము. దీనికి నాలుగు విధములు కలవు.

వరుసగా ఒకదాని కొకటి కలిపినచో ఏడు లంకెలు చాలును. ఖర్చు తక్కువ. కాని నడుమ నొక్క లంకె తెగిన క్షణమున దిగువ గ్రామములన్నియు చీకటిలో పడును. పంటబోదెకు పై మడివద్ద గండి పడినచో క్రింది మడులన్నియు నెండుట మన మెఱిగినదే.

ఒక్క పెద్ద యూరినుండి మిగిలిన ఏడింటికిని విడివిడిగా కలిపినచో అప్పుడును ఏడు లంకెలే. ఒక లంకె తెగిన నొక గ్రామమే పోవును. కాని ఆ పెద్ద యూరే మునిగినచో ఎనిమిదియు పోవును.

వరుస యొక్క రెండు కొనలను కలిపి వలయముగా చేసినచో ఎనిమిది లంకెలు కావలయును. ఒక్క లంకె మాత్రమే యెక్కువ. కాని లాభము మిక్కుటము: ఎచ్చట నొకచోట తెగినను వార్త రెండవ వైపునుండి తిరిగి వచ్చును. రెండుచోట్ల నొక్కసారి తెగినప్పుడు మాత్రమే కొన్ని గ్రామములు విడిపోవును.

ప్రతి గ్రామమును ప్రతి గ్రామముతోను కలిపినచో 28 లంకెలు కావలయును. ఇది మంచిదే గాని మనకు తాళదు.

వలయముయొక్క విలువను ప్రభుత్వమువారును గుర్తించిరి. గ్రామపంచాయతీలకు వెలుగుతీగను, అనగా ఫైబరును, వేయు పథకము 2011లో మొదలై తరువాత భారత్‌నెట్‌ అను పేరు పొందెను. మొదటి విడతలో తీగను వరుసగా వేసిరి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన పథకమునందు మండలకేంద్రమునుండి పంచాయతీలకు వలయాకారముగా కలుపవలెనని నిర్ణయించిరి.

4. కొంచెము లెక్క

ఒక వార్త ఎగువ గ్రామమునుండి మనకు ఐదు చేతులు మాఱి వచ్చుననుకొందము. ప్రతి చేయియు వంద వఱదదినములలో 90 దినములు సరిగా పనిచేయుననుకొందము. పైకి ఇది మంచి యేర్పాటుగానే తోచును. లెక్క చూడుడు. మొదటి చేయి దాటునప్పటికి 90, రెండవది దాటునప్పటికి 81, మూడవది 73, నాలుగవది 66, ఐదవది 59. అనగా వందలో 41 దినములు వార్త మనకు చేరదు. నమ్మకమైన అయిదుగురిని వరుసగా నిలిపినను నమ్మకమైన వరుస కాలేదు.

ఇప్పుడు ఇట్టి వరుసలను రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకదానితో నొకటి సంబంధము లేకుండ నడిపింతము. రెండును ఒకే దినమున తప్పునది వందలో 17 దినములు. కావున 83 దినములు వార్త చేరును.

అదే పదిమందిని వేఱువిధముగా నిలుపుదము. ప్రతి మెట్టునను ఇద్దఱేసి యుండి, వారిలో నెవ్వరికి అందినను తరువాతి మెట్టునందలి యిద్దఱికిని చెప్పునట్లు చేయుదము. ఒక మెట్టున ఇద్దఱును తప్పునది వందలో ఒక్క దినము. అయిదు మెట్టులు దాటునప్పటికి 95 దినములు వార్త చేరును. మనుష్యుల సంఖ్య పెరుగలేదు, ఖర్చును పెరుగలేదు. కాని 83 దినములు 95 ఆయెను. కావున రెండు పొడవైన దారులను విడివిడిగా నుంచుటకంటె ప్రతి మజిలీలోను వానిని కలిపి కట్టుట మేలు. ఈ పాఠమునందు ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన లెక్క యిదియే.

5. రెండు దారులు నిజముగా రెండేనా?

పై లెక్క యొక షరతుమీద నిలిచియున్నది. ఒకటి చెడినపుడు రెండవది దానితోకూడ చెడరాదు. ఇచ్చటనే పలువురు మోసపోవుదురు. ఒకే యింటిలోని అన్నదమ్ము లిద్దఱిని నియమించినచో ఆ యింటికి నీరు చుట్టినపుడు ఇద్దఱును ఒక్కసారే పోవుదురు. రెండు కంపెనీల ఫోనులున్నవని ధైర్యము చెందుదుము. ఆ రెండును ఒకే గోపురముమీద నున్నచో అది యొక్క ఫోనే. రెండు తీగలను ఒకే కందకములో పూడ్చినచో ఒక గునపపు పోటుతో రెండును తెగును. రెండు తీగలును ఒకే వంతెనమీదుగా పోయినచో వంతెనతోపాటు రెండును పోవును.

కావున దారులను ఎన్నుకొనునపుడు జాతిభేద ముండవలయును. ఒకటి సెల్‌ఫోను, ఒకటి రేడియో, ఒకటి కాలినడక మనిషి, ఒకటి డప్పు. ఒకటి విద్యుత్తుమీద నడచునది, ఒకటి విద్యుత్తు లేక నడచునది. ఒకటి మన గట్టుమీది గోపురమునుండి, ఒకటి ఏటి కావలి గట్టు గోపురమునుండి. బండి ఏరు దాటుటకు వంతెన కావలయును; రేడియోమాటకు వంతెనతో పని లేదు. నడుమ గుట్ట యడ్డములేని చోట అవతలి గట్టు గ్రామమే మనకు మిక్కిలి సమీపపు పొరుగు కావచ్చును. మన పెద్దలు డప్పును దండోరాను నమ్ముకొని బ్రదికిరి. వానిని పాతవని పాఱవేయరాదు. డప్పునకు బ్యాటరీ అక్కఱలేదు. చదువు రానివారికిని, కోయభాష మాటలాడువారికిని దాని పిలుపు తెలియును.

రేడియోనుగుఱించి యొక మాట. 2004 డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి అండమాను దీవులను ముంచినపుడు అచ్చట నితర వార్తామార్గములు చెడెను. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన భారతీప్రసాదు గారు అప్పుడు పోర్టుబ్లెయరులో తన బృందముతో నుండి, రేడియోయంత్రముల నాపత్సమయపు వార్తలకు వినియోగించిరి. ఇట్టి రేడియోను నడపుటకు పరీక్షలో కృతార్థులై ప్రభుత్వపు అనుజ్ఞ పొందవలయును. 12 ఏండ్లు నిండినవా రెవ్వరైన పరీక్షకు పోవచ్చును. మండలమునకు ఒకరిద్దఱు యువకులైన నిందు ప్రవేశించిన మన ప్రాంతమునకు గొప్ప మేలు కాగలదు. అనుజ్ఞ లేని యంత్రములను వాడుట నేరము. అట్టిదానిని సంఘము ప్రోత్సహింపరాదు.

6. ఎన్ని లంకెలు చాలును?

అమెరికాలో పాల్‌ బారన్‌ అను ఇంజనీరు 1960 ప్రాంతమున ఈ ప్రశ్ననే విచారించెను. యుద్ధములో సగము కేంద్రములు నశించినను మిగిలిన కేంద్రములు మాటలాడుకొనుట యెట్లు అని అతడు లెక్కలు కట్టి, 1964లో తన యభిప్రాయములను గ్రంథములుగా ప్రకటించెను. అతడు చెప్పినదాని సారమిది. అన్నిటికి నొక్క కేంద్రముండరాదు. ప్రతి కేంద్రమును తన పొరుగు కేంద్రములతో మూడు నాలుగు లంకెలచే కలిసియున్నచో చాలును. అంతకంటె నెక్కువ లంకెలు వేసినందున కలుగు లాభము స్వల్పము. సందేశమును చిన్న చిన్న తునకలుగా చేసి, ఏ దారి తెఱచియున్న ఆ దారిని పంపవలయును.

ఈ మార్గముననే తరువాత ఆర్పానెట్‌ అను యంత్రముల వల ఏర్పడెను. 1969 అక్టోబరు 29వ తేదీన దానిపై మొదటి మాటను పంపగా, రెండక్షరములు చేరిన వెంటనే అవతలి యంత్రము నిలిచిపోయెను. వారు దానిని బాగుచేసి యించుమించు గంటకు మరల పంపిరి, అప్పుడు చేరెను. చెడకుండుట గొప్పయే గాని, చెడినదానిని గంటలో లేపుట యంతకంటె నుపయోగమైన విద్య.

మన లెక్కకు వచ్చినచో, ఎనిమిది గ్రామములలో ప్రతి దానికి మూడేసి లంకెలు పెట్టుటకు 12 లంకెలు చాలును. ఎగువ గ్రామముతో నొకటి, దిగువ గ్రామముతో నొకటి, ఏటికావలి గ్రామముతోనో అడవిగట్టు గ్రామముతోనో యొకటి. ఇది మనకు తాళదగినదే.

7. వార్త నడచుటకు నియమములు

లంకెలున్నంత మాత్రమున చాలదు. కాలువ త్రవ్విన తరువాత వంతులు కట్టనిచో తగవులే మిగులును. అట్లే వార్తకును కట్టుబాటు లుండవలయును.

మొదటి నియమము: వార్త పుట్టుచోటు ఒక్కటి, పాఱుదారులు పెక్కు. నీటిమట్టమునుగుఱించిన మాట అధికారుల ప్రకటననుండియే పుట్టవలయును. వలయము మంచిదైనకొలది అబద్ధమును అంతే వేగముగా వ్యాపించును. గట్టు తెగినదని యొకడు వేసిన కేకతో పది గ్రామములు చీకటిలో పరుగెత్తినచో ఆ నష్టము వఱద నష్టమునకు తీసిపోదు.

రెండవది: ప్రతి వార్తకు సంఖ్యయు, వేళయు నుండవలయును. “4వ వార్త. సాయంత్రము 5 గంటలు. భద్రాచలము 49 అడుగులు, పెరుగుచున్నది” అని పంపవలయును. ఒకే వార్త రెండు దారుల వచ్చినపుడు సంఖ్యనుబట్టి గుర్తింపవచ్చును. పాతవార్త ఆలస్యముగా వచ్చి క్రొత్తదానిని త్రోసివేయదు.

మూడవది: అందినవాడు, వచ్చిన దిక్కునకు తప్ప మిగిలిన పొరుగువారి కందఱికిని పంపవలయును. ఒకసారి పంపిన సంఖ్యను మరల పంపరాదు. ఈ చిన్న కట్టుబాటు లేనిచో వార్త వలయములో గానుగెద్దువలె తిరుగుచునే యుండును.

నాలుగవది: అందినదని బదులు చెప్పవలయును. పంపితిని గదా యని నిశ్చింతగా నుండుట పనికిరాదు. పావుగంటలో బదులు రానిచో మఱియొక దారిని పంపవలయును. అదియు కానిచో మనిషిని పంపవలయును.

ఐదవది: రద్దీవేళ మాటలాడుటకంటె చిన్న సందేశము మేలు. ఎస్‌.ఎమ్‌.ఎస్‌. అను సందేశము అవతలి ఫోను అందుబాటులో లేనిచో కేంద్రమునందు కొంతకాలము నిలిచి, ఫోను మరల మేల్కొనగానే చేరును. పిలుపు పోనిచో వెంటవెంటనే నొక్కుచుండక, మొదట రెండు నిమిషములు, పిదప నాలుగు, పిదప ఎనిమిది నిమిషములు ఆగుచు ప్రయత్నింపవలయును. అందఱును ఇట్లు చేసినచో ఇఱుకుదారియు తెఱచుకొనును.

ఆఱవది: జూన్‌ మొదలు అక్టోబరువఱకు ప్రతిదినము సాయంత్రమున “క్షేమము” అను మాట వలయమంతటను తిరుగవలయును. వఱద లేని దినమునను తిరుగవలయును. అప్పుడే యే లంకె చెడినదో ఆపదకు ముందే తెలియును. ఏ గ్రామము పలుకకున్నను ఆ మౌనమే వార్త యగును. మాట రాకపోయినచో క్షేమముగా నున్నారనుకొనుట వఱదకాలమున మిక్కిలి ప్రమాదము.

8. చెడిన తరువాత

ఎంత కట్టుదిట్టము చేసినను ఒకనాడు చెడకమానదు. అందుచేత చెడిన తరువాత చేయవలసినదానిని ముందే వ్రాసి పెట్టుకొనవలయును. సంఘపు కార్యదర్శి లేనపుడు ఎవ్వరు, వారును లేనపుడు ఎవ్వరు అను వరుస గోడమీద నుండవలయును. పొరుగువారి ఫోను సంఖ్యలు ఫోనులోనే గాక కాగితముమీదను ఉండవలయును. ఫోను తడిసినపుడు సంఖ్యలును తడియును. పంపలేకపోయిన వార్తలను చించివేయక పుస్తకములో వ్రాసి, దారి తెఱచుకొనగానే వరుసగా గాక క్రొత్తదానిని ముందుగా పంపవలయును. బాగుచేయుటలో ఎక్కువ గ్రామములను కలుపు లంకెను మొదట చూడవలయును. వఱద తీసిన తరువాత సభ చేసి, ఏ వార్త యెప్పుడు బయలుదేఱి యెప్పుడు చేరెనో పుస్తకము చూచి లెక్క తీయవలయును. తప్పెవ్వరిదని కాక, దారి యెచ్చట సన్నగిల్లినదని వెదకవలయును.

9. సంఘము చేయదగిన పనులు

మృగశిరకార్తెకు ముందుగా ప్రతి సంఘమును ఈ పనులు చేయవచ్చును. గ్రామమునకు ఇద్దఱు వార్తాహరులను, వేఱువేఱు వాడలనుండి, అందొకరు స్త్రీ యగునట్లు నియమించుట. పురుషులు పొలమునందుండు వేళ ఇంటిపట్టున వార్త నందుకొనువారు స్త్రీలే. అడవిగూడెములకు కోయభాష తెలిసినవారిని నియమించుట. సంఘపు గిడ్డంగిమీద ఒక సూర్యశక్తి పలకను, బ్యాటరీని పెట్టి, ఫోనులకు శక్తి నెక్కించు వసతి కల్పించుట. అవతలి గట్టు సంఘముతోను, దిగువ రాష్ట్రపు సంఘముతోను పరస్పరము వ్రాతమూలకముగా ఒడంబడిక చేసికొనుట. నెల కొకమాఱు ఒక లంకెను బుద్ధిపూర్వకముగా నాపి, వార్త చుట్టు తిరిగి వచ్చుచున్నదో లేదో పరీక్షించుట. పరీక్షింపని దారి దారి కాదు.

వీనిలో నేదియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక జత యెడ్ల వెలతో పోల్చిన చాల స్వల్పము. కాని ఒక రాత్రి నీరు వచ్చినపుడు ఆ యెడ్లు మిట్టమీద నుండుటయు, ఏటిలో నుండుటయు ఈ యేర్పాటుమీదనే యాధారపడి యుండును.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమునకు వఱదవార్త ఇప్పుడు ఎన్ని చేతులు మాఱి వచ్చుచున్నది? ప్రతి చేతివద్దను రెండవ మనిషి కలడా?

2. మన ఫోనులన్నియు ఏ గోపురముమీద నున్నవి? అది నిలిచిపోయినచో మనకు మిగులు దారి యేది?

3. ఏటికావలి గ్రామములలో మనకు మాట సంబంధ మున్నది యెవ్వరితో?

4. ఫోను లేని కుటుంబములు మన గ్రామములో నెన్ని? వారి తలుపు తట్టువా రెవ్వరు?

5. గత వఱదలో వార్త యెచ్చట నిలిచిపోయెను? ఆ చోట నేటివఱకు నేమి మాఱినది?